ముందు ఆకాశంలో గద్ద, తర్వాత పుస్తకంలో నిర్వచనం: వేటపక్షుల పాఠం కోసం ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థల సంచాలకులకు, పాఠ్యపుస్తకాలు రాసే మిత్రులకు,



నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పే ఉపాధ్యాయురాలిని. మిమ్మల్ని ఒక్కటే అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. ఆరో తరగతికీ ఎనిమిదో తరగతికీ మధ్య ఎక్కడైనా సరే, వేటపక్షుల మీద ఒక పూర్తి పాఠం పెట్టండి. గద్ద, డేగ, గుడ్లగూబ, రాబందు ఆ పాఠంలో ఉండాలి. అది నిర్వచనంతో మొదలుకాకూడదు. బడి ఆవరణలో పిల్లలు తలెత్తి చూసిన పక్షితో మొదలు కావాలి. ఆ పక్షి ఒంట్లో ఒక్కో భాగం ఎందుకు అలా ఉందో వాళ్లే అడిగి, వాళ్లే వెతికి, చివర్లో ‘అనుకూలనం’ అనే మాట దగ్గరికి చేరాలి.

ఎందుకు వేటపక్షులే అని మీరు అడగవచ్చు. ప్రతి జీవికీ అనుకూలనాలు ఉన్నాయి, నిజమే. కానీ తరగతిలో మనం ఎక్కువగా చెప్పే ఉదాహరణలు ఒంటె, ధ్రువపు ఎలుగుబంటి, బ్రహ్మజెముడు. బ్రహ్మజెముడు సంగతి సరే, చేను గట్టు మీద దొరుకుతుంది. ఒంటె మూపురంలో ఉండేది నీళ్లు కాదు, కొవ్వు అన్న సంగతిని మాత్రం పిల్లవాడు మన మాట మీద నమ్మకంతో రాసుకోవలసిందే. తనంతట తాను చూసి తేల్చుకునే వీలు లేదు. నల్లగద్ద అలా కాదు. చికెన్ కొట్టున్న ఊళ్లలో, చెత్త పోసే పట్టణాల అంచుల్లో అది పగలంతా తిరుగుతూనే ఉంటుంది. ఏం తింటోంది, ఎలా తిరుగుతోంది, తోకను ఎటు మెలితిప్పుతోంది అన్నది ఇంటర్వెల్‌లో చూడొచ్చు. మనం చెప్పినదానికీ కంటికి కనబడినదానికీ తేడా వస్తే పిల్లలే వచ్చి “టీచర్, మీరు చెప్పినట్టు లేదు” అంటారు. సైన్సు పాఠం నుంచి నేను కోరుకునేది ఆ మాటే.

రెండో కారణం ఇంకా బలమైనది. వేటాడి బతికే పక్షి చేసే ప్రయత్నాల్లో చాలావరకు విఫలమవుతాయి. తప్పిపోయిన ప్రతి వేటా ఆకలిని పెంచేదే. తరతరాలుగా ఆ పస్తుల వడపోతలోంచి మిగిలి వచ్చిన శరీరాలు అవి. అందుకే గోరు వంపులో, రెక్క పొడవులో, చెవి స్థానంలో కూడా ఏదో ఒక పని కనబడుతుంది. ‘దీని పని ఏమిటి?’ అని పిల్లలు ఎక్కడ వేలు పెట్టినా జవాబు దొరికే పాఠం ఇది.

పైగా పల్లె పిల్లలకు ఈ పాఠంలో కొంత ముందే వచ్చు. కోడి, గద్ద ఆట ఆడని పిల్లలు తక్కువ. ఇంట్లో కోళ్లుంటే వాళ్లకు ఇంకో సంగతి కూడా తెలుసు. పైన గద్ద కనబడితే కోడి సన్నగా, సాగదీసి ఒక కూత పెడుతుంది. కోడిపిల్లలన్నీ ఎక్కడివక్కడ నక్కుతాయి. కుక్కో పిల్లో వస్తే ఆ కూత వేరు, తెగకుండా కొక్కొక్కొమని గోల చేస్తుంది. ఆకాశం నుంచి వచ్చే శత్రువుకు ఒక హెచ్చరిక, నేల మీద వచ్చే శత్రువుకు ఇంకొకటి. ఈ తేడాను శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేసి నిర్ధారించారు. ఈ ఒక్క సంగతిని ఇంటికెళ్లి విని రమ్మనండి. మర్నాడు తరగతిలో చేతులెత్తే పిల్లల్లో ఎప్పుడూ వెనక బెంచీలో మౌనంగా కూర్చునేవాళ్లు ముందుంటారు.

ఇక ఆకాశం. ఉదయం ప్రార్థన వేళకు గద్దలు పెద్దగా కనిపించవు. రెండో మూడో పీరియడ్ నాటికి ఒకటీ అరా పైకి లేస్తాయి. మధ్యాహ్న భోజనం వేళకు రెక్క ఆడించకుండా గిరికీలు కొడుతుంటాయి. ఎందుకని అడగండి. నేల వేడెక్కాలి, ఆ వేడికి గాలి పైకి లేవాలి, ఆ లేచే గాలి మీద గద్ద తేలాలి. భౌతికశాస్త్రంలో సంవహనం అని చెప్పే పాఠం ఇదే, బడి కప్పు మీద జరుగుతోంది. వెడల్పాటి రెక్కలు, కొసన విడివిడిగా పరచుకున్న పొడవాటి ఈకలు ఆ తేలడానికి వచ్చినవే. తోక కొస నొక్కులా చీలి ఉంటే నల్లగద్ద. ఇటుకరంగు ఒళ్లు, తెల్లటి తల, గుండ్రటి తోక అయితే పెద్దవాళ్లు చూడగానే చెంపలేసుకునే గరుడ పక్షి. ఈ రెండింటి తేడా పట్టుకోవడానికి బైనాక్యులర్ అక్కర్లేదు.

అసలు రహస్యం కాలిలో ఉంది. దాన్ని చూపించడానికి గద్దను పట్టుకోవలసిన పని లేదు, పట్టుకోకూడదు కూడా. చికెన్ కొట్టులో పారేసే కోడికాలు ఒకటి తెచ్చి, శుభ్రంగా కడిగి, తెగిన చోట తెల్లగా కనిపించే టెండాన్‌ను, ఊళ్లో నరం అంటామే, దాన్ని చిన్న పట్టకారుతో పట్టి లాగండి. వేళ్లు ముడుచుకుంటాయి. వదిలితే తెరుచుకుంటాయి. తరగతి గది ఒక్కసారిగా ముందుకు జరుగుతుంది. కొమ్మ మీద నిద్రపోయే పిట్ట ఎందుకు పడిపోదు అనే ప్రశ్న అప్పటికప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు. అక్కడి నుంచి వేటపక్షి దగ్గరికి వెళ్లాలి. వేటపక్షి కాలి టెండాన్ మీద చిన్న చిన్న గరుకు గట్లుంటాయి, దాన్ని చుట్టి ఉన్న తొడుగు లోపలి వైపు కూడా అలాంటివే ఉంటాయి. పట్టు బిగిసిన తర్వాత అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని నిలుస్తాయి. కండరం అలిసిపోకుండానే పట్టు నిలుస్తుంది. మాంసం ముట్టని ఇళ్ల పిల్లలుంటే బలవంతం వద్దు. అట్టముక్కను వేలి ఆకారంలో కత్తిరించి, దాని మీద కూల్‌డ్రింక్ గొట్టాన్ని ముక్కలు చేసి అంటించి, లోపల దారం దూర్చి లాగితే అదీ వంగుతుంది. నిజమైన కాలు చూపించిన తర్వాత అట్టవేలు చేయించడం నాకు ఇష్టం. వీలుకాని చోట అట్టవేలు చాలు.

కాలు అర్థమైతే మిగతా పక్షులను పోల్చి చూపడం తేలిక. చేపలు పట్టే కొరమీను గద్ద పాదం అడుగున ముళ్లలాంటి గరుకుదనం ఉంటుంది. బయటి వేలు వెనక్కి కూడా తిరుగుతుంది. రెండు వేళ్లు ముందు, రెండు వెనక పెట్టి జారే చేపను పట్టేస్తుంది. పాముల గద్ద కాళ్లకు మందపాటి పొలుసులుంటాయి, వేళ్లు పొట్టిగా, బలంగా ఉంటాయి. పిచ్చుకల్ని, తొండల్ని, ఉడుతల్ని పట్టే జాలె డేగవి పొట్టి గుండ్రటి రెక్కలు, పొడవాటి తోక. చింతచెట్టు కొమ్మల మధ్య దూరిపోతూ మలుపు తిరగాలంటే అలాగే ఉండాలి. అదే నల్లగద్ద రెక్కలతో అది సాధ్యం కాదు. ఈ రెండింటి రెక్కల నీడల్ని బోర్డు మీద గీసి, ఏది తోటలో వేటాడుతుంది, ఏది బయల్లో తిరుగుతుంది అని మాత్రం అడగండి. పేర్లు తర్వాత చెప్పవచ్చు.

ముక్కు గురించి ఒక దిద్దుబాటు అవసరం. గద్ద ముక్కుతో చంపుతుందని చాలామంది అనుకుంటారు. గద్దలు, డేగలు చాలావరకు గోళ్లతో చంపుతాయి, ముక్కుతో చీల్చి తింటాయి. భైరి డేగ, దాని దగ్గరి బంధువులు వేరు. వాటి పైముక్కు అంచున ఒక పంటిలాంటి మొన ఉంటుంది, దానితో ఎర మెడ ఎముకను తుంచుతాయి. భైరి డేగ ఎత్తు నుంచి రెక్కలు ముడిచి దూకినప్పుడు వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. పిల్లలకు ఆ అంకె నచ్చుతుంది, చెప్పండి. దానితోపాటు ఇంకో సంగతి కూడా చెప్పండి. 2008లో వెలువడిన ఒక పెద్ద డీఎన్‌ఏ పరిశోధనలో, భైరి డేగ కుటుంబానికి గద్దల కంటే చిలుకలు, పాటపాడే చిన్న పిట్టలే దగ్గరి చుట్టాలని తేలింది. గద్దకు వంకర గోళ్లు, భైరికి వంకర గోళ్లు వచ్చింది ఒక తాత నుంచి కాదు, ఒకే రకం బతుకుతెరువు నుంచి. పరిణామం గురించి ఇంతకంటే సూటిగా చెప్పే ఉదాహరణ ఈ వయసు పిల్లలకు నాకు ఇంకొకటి కనబడలేదు.

కంటి విషయంలోనూ అతిశయోక్తులు వద్దు. గద్ద చూపు మనకంటే ఎనిమిది రెట్లు అని పోస్టర్లలో కనిపిస్తుంటుంది. కొలిచి చూసినవాటిలో పెద్ద గద్దల చూపు మనిషి చూపుకు రెండింతలకు కాస్త అటూ ఇటూ. అదే ఎంతో గొప్ప. రెటీనాలో చూపు పదునుగా ఉండే గుంట మన కంటికి ఒకటైతే గద్ద కంటికి రెండు. కనుబొమ్మ దగ్గర ముందుకు పొడుచుకొచ్చిన ఎముక వల్ల ముఖం కోపంగా కనిపిస్తుంది గానీ, ఆ ఎముక ఉన్నది కంటిని కాపాడటానికి. ఆ పక్షి కోపంగా లేదు. చిన్నపిల్లలకు ఈ మాట ముఖ్యం.

గుడ్లగూబ గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి. ఎందుకంటే పిల్లలు దాన్ని చూడకముందే దాని గురించి భయం నేర్చుకుంటున్నారు. తెల్లటి ముఖం ఉన్న గుడ్లగూబను చాలా ఊళ్లలో చావుపిట్ట అంటారు. అది ఇంటి మీద కూస్తే కీడు, ఇంట్లో దూరితే ఇల్లు ఖాళీ చేయాలి అన్న మాటలు పిల్లలు ఇంటి దగ్గర విని బడికి వస్తారు. ఆ మాట చెప్పిన నాయనమ్మను తరగతిలో తక్కువ చేయకండి. రాత్రిపూట, పాత గోడల్లోంచి, మనిషి అరిచినట్టు వినిపించే ఆ గొంతుకు భయపడటం సహజమే. ఆ గొంతు దేనిదో, ఆ పక్షి రాత్రంతా ఏం చేస్తుందో చూపిస్తే పిల్లలే ఇంటికి వెళ్లి నాయనమ్మకు చెబుతారు. మూఢనమ్మకం తప్పు అని బోర్డు మీద రాయడం కంటే ఇది బలంగా పనిచేస్తుంది.

చూపించవలసినవి చాలా ఉన్నాయి. గుడ్లగూబ కళ్లు మనలా గోళాలు కావు, గొట్టాల్లా పొడవుగా ఉంటాయి, కంటి గూటిలో తిరగవు. పక్కకు చూడాలంటే తల తిప్పాల్సిందే. మన మెడలో 7 వెన్నుపూసలుంటే దాని మెడలో 14. అందుకే తలను ఒకవైపు 270 డిగ్రీల దాకా తిప్పగలదు. పాత నోట్‌బుక్ అట్టలను గొట్టాలుగా చుట్టి కళ్లకు పెట్టుకుని తరగతి గదంతా చూడమనండి. ఐదు నిమిషాల్లో పిల్లలందరికీ మెడ ఎందుకు అంతగా తిరగాలో తెలిసిపోతుంది. కొన్ని గుడ్లగూబల తల మీద చెవుల్లా నిలబడేవి ఈకల కుచ్చులే. అసలు చెవులు ముఖం పక్కన ఈకల కింద దాగి ఉంటాయి. చావుపిట్టకు అవి సమానమైన ఎత్తులో ఉండవు, ఒకటి కాస్త పైన, ఒకటి కాస్త కింద. శబ్దం ఎడమ నుంచా కుడి నుంచా అన్నదే కాదు, పై నుంచా కింద నుంచా అన్నది కూడా దానికి తెలుస్తుంది. తిమింగలాల పాటలను లోకానికి వినిపించిన రోజర్ పేన్ అంతకుముందు ఈ గుడ్లగూబ మీదే పనిచేశాడు. చిమ్మచీకటి గదిలో కూడా అది ఎండుటాకుల మీద కదిలే ఎలుకను చప్పుడును బట్టే పట్టగలదని ఆయన ప్రయోగాల్లో తేలింది. పిల్లలతో దీనికి సరిపోయే ఆట ఒకటుంది. ఒకరి కళ్లకు గంతలు కట్టి, చుట్టూ నిలబడినవాళ్లు ఒక్కొక్కరే చిటిక వేయాలి, గంతలు కట్టుకున్నవారు అటు వేలు చూపాలి. తర్వాత ఒక చెవి మూసుకుని మళ్లీ ఆడాలి. తప్పులు ఎంత పెరుగుతాయో పిల్లలే లెక్క రాసుకుంటారు.

దాని రెక్క చప్పుడు చేయదు. ముందు ఈక అంచున దువ్వెన పళ్లలాంటి వరస ఉంటుంది, ఈకల పైభాగం మెత్తగా నూగుతో ఉంటుంది. పావురం లేచినప్పుడు వినబడే టపటపను గుర్తుచేసి, ఎలుక చెవికి ఏది వినబడుతుంది, ఏది వినబడదు అని అడిగితే సరిపోతుంది.

పొలం సంగతి ఇక్కడే చెప్పాలి. వ్యవసాయ అధికారులు చేలల్లో పక్షి స్థావరాలు పెట్టమని రైతులకు చెబుతుంటారు. ఆ కర్రల మీద పగలు ఏట్రింతలు వాలి పురుగుల్ని ఏరుతాయి, రాత్రి గుడ్లగూబలు వాలి ఎలుకల్ని పడతాయి. తెల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లు, భుజం మీద నల్లమచ్చతో పొలాల మీద ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడే చిన్న గద్ద, కొన్నిచోట్ల అడవి రామదాసు అంటారు, దానికీ ప్రధానమైన తిండి ఎలుకలే. తండ్రి పెట్టిన కర్ర మీద రాత్రి ఎవరు కూర్చున్నారో పిల్లవాడికి తెలిసిన రోజున ఆ పక్షి మీద రాయి లేవదు.

గుడ్లగూబ ఎలుకను మొత్తంగా మింగి, అరగని ఎముకల్ని, బొచ్చును ఉండలుగా చేసి కక్కుతుంది. పాత గుడి గోపురం కింద, వాడని గోదాముల్లో ఆ ఉండలు దొరుకుతాయి. వాటిని విప్పితే ఎలుక పుర్రె, దవడ, పక్కటెముకలు చెక్కుచెదరకుండా ఉంటాయి. ఉపాధ్యాయులు చేతి తొడుగులు, మాస్కు వేసుకుని, స్పిరిట్‌లో బాగా నానబెట్టిన తర్వాతే దాన్ని పిల్లల ముందు విప్పాలని పుస్తకంలో స్పష్టంగా రాయండి. పక్షి కూర్చునే చోటికి పిల్లల్ని గుంపుగా తీసుకెళ్లొద్దని కూడా రాయండి. ఈ పక్షులన్నింటికీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. గూడు కదిలించడం, పిల్లను ఇంటికి తేవడం, గోరు తాయెత్తులో కట్టుకోవడం నేరం. దీపావళి చుట్టుపక్కల క్షుద్రపూజల పేరుతో గుడ్లగూబల్ని పట్టి అమ్మే వ్యాపారం మన దేశంలో నడుస్తోందని ‘ట్రాఫిక్ ఇండియా’ సంస్థ 2010లోనే నివేదిక ఇచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లలకు ఈ మాట చెప్పొచ్చు, చెప్పాలి.

ఇక రాబందు. జటాయువు కథ తెలియని పిల్లలు మన దగ్గర లేరు. లేపాక్షిలో, భద్రాచలం దగ్గరి ఎటపాకలో జటాయువు పడ్డాడని మన వాళ్లు చెప్పుకుంటారు. అయినా మన పిల్లల్లో చాలామంది రాబందును ఆకాశంలో ఒక్కసారి కూడా చూడలేదు. ఈ పాఠంలో అందరికంటే ఎక్కువ చోటు దానికే ఇవ్వాలని నా కోరిక.

ముందు ఒళ్లు. బోడి తల, మెడ. కళేబరం లోపలికి తల దూర్చే పక్షికి అక్కడ ఈకలుంటే రక్తం అంటుకుని ఎండిపోతుంది. ఒంటి వేడి తగ్గించుకోవడానికీ ఆ బోడి చర్మమే అక్కరకొస్తుంది. కాళ్లకు డేగకున్నంత పట్టు లేదు, పరుగెత్తే ఎరను అది పట్టదు, కనుక అక్కర్లేదు. పొట్టలో ఆమ్లం ఎంత గాఢమైనదంటే కుళ్లిన మాంసంలో ఉండే రోగక్రిములు చాలావరకు అక్కడే చస్తాయి. మన రాబందులు కళేబరాన్ని వెతికేది వాసనతో కాదు, చూపుతో. ఒకటి దిగుతుంటే దూరాన ఎగిరే ఇంకొకటి చూసి అటు తిరుగుతుంది, దాన్ని చూసి మరొకటి. ఎంత ఎత్తున ఎగరగలవని పిల్లలు అడుగుతారు. 1973లో పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్ మీద ఒక విమానం 37 వేల అడుగుల ఎత్తులో అక్కడి జాతి రాబందును ఢీకొంది.

ఇంత చక్కగా అమరిన శరీరం ఒక మందు ముందు నిలవలేకపోయింది. ఈ భాగాన్ని మెత్తబరచి రాయవద్దని వేడుకుంటున్నాను. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్ ఆ పశువు చచ్చాక కళేబరంలో మిగిలిపోతుంది. దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు చెడి కొద్ది రోజుల్లో చనిపోతుంది. 1992 నుంచి 2007 మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందుల సంఖ్య 99.9 శాతం పడిపోయింది. కారణం డైక్లోఫెనాక్ అని 2004లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. 2006లో పశువులకు దాన్ని నిషేధించారు. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలను పశువులకు మళ్లిస్తున్నారని 2015లో ఇంజెక్షన్ సీసాను 3 మిల్లీలీటర్లకు పరిమితం చేశారు. 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్‌లను కూడా పశువులకు నిషేధించారు. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ అందుబాటులో ఉంది. గేదెలున్న ఇంటి పిల్లవాడికి ఇది జనరల్ నాలెడ్జ్ కాదు. పశువుకు సూది వేయించేటప్పుడు తండ్రి పక్కన నిలబడేది వాడే.

పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. కళేబరాలన్నింటిలోనూ మందు లేదు కదా, మరి రాబందులన్నీ ఎలా పోయాయి? లెక్కలు కట్టినవాళ్లు చెప్పిన జవాబు పెద్దవాళ్లనూ ఆలోచనలో పడేస్తుంది. వంద కళేబరాల్లో ఒక్కదానికన్నా తక్కువ వాటిలో మందు ఉన్నా ఈ పతనానికి సరిపోతుంది. ఎందుకంటే ఒక కళేబరం మీద రాబందులు పదుల సంఖ్యలో వాలతాయి. పైగా జంట ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, పిల్ల పెద్దదై గూడు కట్టడానికి ఐదేళ్లదాకా పడుతుంది. గుంపుగా వెతకడం, గుంపుగా తినడం, నెమ్మదిగా పిల్లల్ని కనడం వేల ఏళ్లు వాటిని బతికించిన లక్షణాలు. పరిసరం మారగానే అవే వాటి ప్రాణం మీదికి వచ్చాయి. అనుకూలనం అంటే శాశ్వతమైన గెలుపు కాదని, అది ఒక పరిసరానికి తగిన ఏర్పాటు మాత్రమేనని పిల్లలకు ఇంతకంటే బాగా ఎలా చెబుతాం?

రాబందులు పోయిన తర్వాత కళేబరాలు ఊరి బయట కుళ్లాయి, కుక్కలు పెరిగాయి, నీళ్లు చెడ్డాయి. ఆ లోటు వల్ల 2000 నుంచి 2005 వరకు మన దేశంలో సుమారు 5 లక్షల అదనపు మరణాలు సంభవించి ఉంటాయని ఇద్దరు ఆర్థికవేత్తలు, ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్, 2024లో ప్రచురించిన పరిశోధనలో అంచనా వేశారు. ఇది అంచనాయే అని చెప్పి, ఆ అంచనా ఎలా వేస్తారో కూడా పై తరగతుల్లో చర్చించవచ్చు.

పాఠం విషాదంతో ఆగనక్కర్లేదు. హర్యానాలోని పింజోర్‌లో, హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో రాబందుల పెంపక కేంద్రాలున్నాయి. 2013లో బెజ్జూరు అడవిలో, పెద్దవాగు ప్రాణహితలో కలిసే చోటికి దగ్గర, పాలరాపు గుట్ట మీద పొడవుముక్కు రాబందుల గూళ్లు కనిపించాయి. ఆ గుట్ట పేరు తెలంగాణ పుస్తకంలో ఉండాలి. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా పిల్లవాడు తన అడవి పేరు పాఠంలో చదువుకోవాలి.

పిల్లలకు చెప్పడం వల్ల పక్షులు బతుకుతాయా అని అనుమానించేవాళ్లకు నాగాలాండ్‌ను చూపిస్తాను. ఆసియా తూర్పు కొస నుంచి దక్షిణ ఆఫ్రికా దాకా వెళ్లే అమూర్ డేగలు ప్రతి శరదృతువులో దోయాంగ్ జలాశయం దగ్గర ఆగుతాయి. 2012లో అక్కడ వలలు కట్టి వేల సంఖ్యలో వాటిని పట్టి చంపారు. ఆ వార్త బయటికి వచ్చాక పాంగ్తి, చుట్టుపక్కల ఊళ్ల పెద్దలు, చర్చిలు, సంస్థలు కలిసి కూర్చున్నారు. పిల్లలకు పర్యావరణ క్లబ్బులు పెట్టి ఆ పక్షి ప్రయాణం గురించి చెప్పారు. 2013లో వలలు పడలేదు. ఒక్క పాఠమే ఇదంతా చేసిందని నేననను. ఊరి తీర్మానం, బతుకుతెరువుకు ప్రత్యామ్నాయం, అన్నీ కలిశాయి. కానీ పిల్లలు లేకుండా అది జరిగి ఉండేదని కూడా నేను నమ్మను. ఆ డేగలు అక్కడి నుంచి మన ద్వీపకల్పం మీదుగానే అరేబియా సముద్రం దాటుతాయి.

ఒక కష్టమైన ప్రశ్నకు పుస్తకం ముందే సిద్ధపడాలి. డేగ ఉడుతను పట్టుకుపోవడం చూసిన పిల్ల ఏడుస్తుంది. ‘అది ప్రకృతి ధర్మం’ అని ఊరుకోబెట్టడం తొందరపాటు. ఆ డేగ గూట్లో ఎదురుచూసే పిల్లలున్నాయని చెప్పండి, ఉడుత కోసం బాధపడటం కూడా సరైనదే అని చెప్పండి. ఈ రెండింటినీ ఒకేసారి మనసులో పెట్టుకోవడం పన్నెండేళ్ల పిల్లకు చేతనవుతుంది. డేగ దుర్మార్గి, ఉడుత మంచిది అన్న కథ మాత్రం పుస్తకంలోకి రానివ్వకండి.

పరీక్ష మారకపోతే పాఠం మారదు, అది మీకూ తెలుసు. ‘అనుకూలనాన్ని నిర్వచింపుము’ అన్న ప్రశ్న బదులు, పిల్లలు ఎన్నడూ చూడని ఒక పక్షి పాదం, ముక్కు, రెక్క బొమ్మలిచ్చి, ఇది ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది, ఏ ఆధారంతో అలా అంటున్నావు అని అడగండి. మూడో భాగానికే ఎక్కువ మార్కులివ్వండి. జవాబు తప్పినా ఆధారం సరిగా చూపినవాళ్లకు మార్కులు పడాలి.

ఉపాధ్యాయులకూ సాయం కావాలి. ప్రతి స్కూల్ కాంప్లెక్స్‌కు రెండు బైనాక్యులర్లు ఇవ్వండి. ఒక్కో జిల్లాలో ఈ పక్షుల్ని ఏ పేర్లతో పిలుస్తారో అక్కడి ఉపాధ్యాయుల చేతనే సేకరించి పుస్తకం చివర వేయండి. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ పాఠశాల 1991లోనే తన లోయను పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించుకుని, పక్షుల అధ్యయనాన్ని బడి జీవితంలో భాగం చేసింది. అక్కడున్నంత చెట్టూ చేమా మన బడులన్నింటికీ లేకపోవచ్చు. ఆకాశం అందరికీ ఉంది.

చివరిగా పాఠం ఏ నెలలో రావాలన్నది. దయచేసి జూన్, జూలైలో పెట్టకండి. మబ్బు పట్టిన రోజుల్లో గద్దలు పైకి లేవవు, వలస పక్షులు అప్పటికి రావు. నవంబరు, డిసెంబరు నెలల్లో పెట్టండి. అప్పటికి కొరమీను గద్దలు పులికాట్ మీదికి వచ్చి ఉంటాయి, మధ్య ఆసియా గడ్డి మైదానాల నుంచి పిల్లిగద్దలు రోళ్లపాడు బీళ్లలో దిగి ఉంటాయి, ఊరి చెరువుల్లో నీళ్లుంటాయి, ఆకాశం తేటగా ఉంటుంది. వేసవి శిక్షణలో ఈ పాఠాన్ని తోటి ఉపాధ్యాయులకు చెప్పమంటే వస్తాను. కోడికాళ్లు, పట్టకారు నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు